గదిలో మనిషి

బొంతల ఫోటోల పేజీ మా ఇంటి కంప్యూటర్లో అద్దంలా కనబడుతోంది. గుమ్మం దాటి ఫోన్లో తెరిస్తే లేదు. పొద్దుటి నుంచీ ఇదే వరస.

నేను వడ్రంగిని. తలుపుకి గడియ పడకపోతే ఎక్కడ రాసుకుంటోందో చూసి చిత్రిక పట్టగలను. ఈ తలుపు కంటికి కనబడేది కాదు.

మా ఆవిడా, మాతోనే ఉండే వాళ్ళమ్మా పాత బట్టలతో బొంతలు కుడతారు. పట్నంలో కొట్టు నడిపే ఒకావిడ ఆ సంగతి విని ఫోన్ చేసింది. "నేనూ, నా భాగస్థులూ తలో ఊళ్ళో ఉన్నాం. అందరం చూసేలా ఫోటోలు ఒకచోట పెట్టండి. ఈ సాయంత్రం కొట్టు కట్టేలోగా ఎవరి బొంతలు తీసుకోవాలో తేల్చేస్తాం" అంది. ఫోన్లో పంపితే కుట్టు అలికేసినట్టు వస్తోంది. కుట్టు కనబడకపోతే అది బొంత కాదు, గుడ్డపేలికల మూట. ఇన్నేళ్ళ పనినీ మా ఇంటి మంచాలు తప్ప ఇంకెవరూ చూసి ఎరగరు. మా ఆవిడ సూదికి ఎక్కించిన దారమే తీసి మళ్ళీ ఎక్కిస్తోంది.

మా బావమరిది పట్నంలో కంప్యూటర్ల పని చేస్తాడు. "ఇంకొకరి అరుగు మీద ఎందుకు బావా, మనింటి కంప్యూటర్లోనే వెబ్ సర్వరు పెట్టేద్దాం" అన్నాడు. ఎవరడిగినా అడిగిన పేజీ అందించడం దాని పనట. ఫోన్లో వాడు చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. పేజీకి వాడే ఏదో పేరు కూడా పెట్టాడు; అదే కొట్టావిడకి చెప్పాం.

మొదట దొరికిన తప్పు ఇదీ: ఆ సర్వరు, తానున్న కంప్యూటర్ అడిగితేనే పలుకుతుంది. పైవాళ్ళు పిలిస్తే ఉలకదు.

"అచ్చం నీ పోలికే బావా" అన్నాడు బావమరిది. "సెట్టింగుల్లో ఆ ఒక్క వరసా మార్చు."

మార్చాను. వంటింట్లో మా ఆవిడ ఫోన్లో పేజీ తెరుచుకుంది. వీధిలోకి వెళ్తే మళ్ళీ లేదు.

"అయితే రూటర్లో పోర్టు తెరవాలి. బయటివాళ్ళని కంప్యూటర్ దాకా రానిచ్చే ద్వారం అది."

ద్వారం అన్నాక నాకూ కాస్త ధైర్యం వచ్చింది. తెరిచాను. వాడు ఆఫీసులోంచి చూసి, "వచ్చింది బావా! అమ్మ నీలం బొంత ఎంత బావుందో!" అని అరిచాడు.

నా కళ్ళతో నేను చూసుకోవాలిగా. వీధి చివరిదాకా నడిచి ఫోన్లో తెరిచాను. లేదు. ఇంటికొచ్చి వాడికి చెప్పాను. "ఉంది బావా, ఇదిగో చూస్తున్నా" అన్నాడు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ లేదు.

"నీ ఫోనుకి కళ్ళజోడు కావాలేమో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంట్లో అడుగు పెడుతుండగా కొట్టావిడ ఫోన్. "మీరిచ్చిన పేరు కొడితే ఏమీ రావట్లేదండీ. మావాళ్ళు కాసేపట్లో వెళ్ళిపోతారు." మా ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

కంప్యూటర్ ముందు కూలబడ్డాను. ఇంట్లోకి ఇంటర్నెట్టు తెచ్చే రూటరు పెట్టె మీద దీపాలున్నాయి. చివరి దీపం నేను కూర్చున్నాక ఎప్పటికో వెలిగింది. ఇందాక వచ్చినప్పుడూ అంతే. పొద్దుటి నుంచి మేలుకునే ఉన్న పెట్టె ఇప్పుడే నిద్ర లేచినట్టు కళ్ళు నులుముకోవడమేమిటి?

లేచి వీధిలోకి వెళ్ళినట్టే వెళ్ళి, కిటికీ పక్కన నిలబడ్డాను.

అత్తయ్య వచ్చింది. కుర్చీ సర్ది, కొంగుతో బల్ల తుడిచి, రూటరు స్విచ్చి టక్కున ఆపేసింది. తెర నల్లబడి ఉండడంతో కంప్యూటర్ ఆగిపోయిందనుకుని దాని జోలికి పోలేదు. నేను గట్టిగా అడుగులేస్తూ గుమ్మంలోకి రాగానే, ఆ చప్పుడు విని, స్విచ్చి వేసి తప్పుకుంది.

అల్లుడు వస్తే వెయ్యడం, వెళ్తే ఆపడం. అంత మర్యాద!

ఆవిడా నేనూ ముక్తసరి మనుషులం. అయిదు మాటల్లో అయ్యే పనికి ఆరోది వాడం. గదిలో మనిషి లేకుండా మీట వేసి ఉండకూడదన్నది ఆవిడ పట్టు. మా షెడ్డులో వైరు కాలిన రోజు వాసన ముందు పసిగట్టి మీట ఆపింది ఆవిడే. ఈవేళ నాకు రంపం, బాడిస, నిలబడడానికింత నీడ ఉన్నాయంటే ఆవిడ చలవే. ఆ పట్టుని ఈ ఇంట్లో ఎవరూ కాదనరు.

"అత్తయ్యా, ఆ పెట్టె కాసేపు అలా ఉండనివ్వండి."

"గదిలో మనిషి లేకుండానా బాబూ?"

"మీ బొంతల్ని చూడ్డానికి కొట్టువాళ్ళు ఆ పెట్టెలోంచే రావాలి. అదాగితే వాళ్ళకి దారి లేదు."

"నా బొంతల్నా?" అంటూ లోపలికెళ్ళి కుట్టుబుట్ట తెచ్చుకుంది. రూటరు పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది. "అయితే నేనున్నాగా. నువ్వు ఎక్కడికెళ్తావో వెళ్ళు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వీధి చివరికి వెళ్ళాను. ఫోన్లో నీలం బొంత, దాని అంచు, అంచున చీమలబారులాంటి కుట్టు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంటికొచ్చేసరికి కొట్టావిడ ఫోన్లో మాట్లాడుతోంది. "ఆ నీలం బొంత అంచు కుట్టు ఎవరిదండీ? మావాళ్ళు కళ్ళు తిప్పుకోవట్లేదు. ఇవే తీసుకుంటాం." మా ఆవిడ ఫోను వాళ్ళమ్మ చెవికి ఆనించింది. అత్తయ్య అంతా విని, "ఆఁ, నాదే" అంది. అంతే. చేతిలో సూది మాత్రం ఆగిపోయింది.

తరవాత బావమరిది. "ఇంతకీ ఏం మార్చావు బావా?"

"మీ అమ్మని కూర్చోబెట్టాను."

"ఆఁ?"

"మీ అమ్మనే అడుగు."

మర్నాడు పీట ఎత్తు కొలుచుకుని, పాత టేకు పలకతో అత్తయ్యకి వీపు ఆనే కుర్చీ చేశాను. చేతులకి గరుకు తగలకుండా అంచులన్నీ గుండ్రంగా చెక్కాను. తెచ్చి రూటరు పక్కన పెడితే, నిమిరి చూసి కూర్చుంది.

పడుకోబోయే ముందు ఇప్పటికీ స్విచ్చి ఆపేస్తుంది. పోన్లే, కొట్లు కూడా కట్టేస్తారుగా.