ముఖమల్ చెప్పులు

గాస్పార్‌ది గుండ్రటి పొట్ట, జారిన మీసం. అందుకే కెమెరా ముందు ఎప్పుడూ మోసపోయే మొగుడి వేషమే.

ఆ రోజూ అదే. పారిస్ పొలిమేరలో సినిమాలు తీసే అద్దాల కప్పు షెడ్డు. గోడ, కిటికీ, బీరువా గుడ్డ మీద గీసినవే. మంచం ఒక్కటే నిజం. దాని కింద ప్రియుడి వేషంలో లూసియాన్. ఎవరి బట్టలు, చెప్పులు వాళ్లే తెచ్చుకోవడం అక్కడి రివాజు.

"ఎండొచ్చింది, కెమెరా తిప్పండి," అన్నాడు డైరెక్టర్ బ్యురెల్.

గాస్పార్ మంచం కింద చెయ్యి పెట్టి కాలు పట్టి లాగాడు. చెప్పు ఊడి చేతిలోకొచ్చింది. ఎర్ర ముఖమల్. మడమ దగ్గర పచ్చ ఉన్ని కుట్టు. అది తన పెళ్లాం మార్సెలిన్ వేసిన కుట్టు. ఆదివారం నుంచి ఆ జత ఇంట్లో కనబడలేదు.

అవి మూగ సినిమాల రోజులు, తెర మీద మాట వినబడదు. కెమెరా తిరుగుతున్నా నటులు ఏమైనా మాట్లాడుకోవచ్చు.

"ఇది నాది," అన్నాడు గాస్పార్, చెప్పు ఊపుతూ.

లూసియాన్ మోకాళ్ల మీద పడ్డాడు. కథలోనూ అంతే. "ఆదివారం నువ్వు దగ్గుతూ మెట్లెక్కడం వినబడిందన్నా. బూట్లు చేత్తో పట్టుకుని వీటితోనే వెనక మెట్లు దిగేశాను."

"మళ్లీ ఇక్కడికెందుకు తెచ్చావురా?"

"ఇంటి చెప్పులు తెమ్మన్నారు. నాకింకేవీ లేవు."

"చెయ్యి ఇంకా పైకెత్తవయ్యా గాస్పార్, బావుంది," అన్నాడు బ్యురెల్.

కథలో పెళ్లామైన ఇర్మా అడ్డమొచ్చి, "కొట్టావంటే బొమ్మ పాడవుతుంది. మబ్బు కూడా వస్తోంది. ఏడుపేదో తర్వాత ఏడువు," అంది.

గాస్పార్ గొంతు తగ్గించాడు. "మార్సెలిన్ నీతో వచ్చేస్తానందా?"

"ఇంకా అనలేదు. నువ్వు ఇంట్లో నోరే విప్పవట. 'ఊరంతా ఆయన్ని చూసి నవ్వుతుంది, నాకు మాత్రం ఒక్క మాట కూడా మిగల్చడు' అంటుంది."

ఇక మిగిలింది ఆఖరి ముక్క. మంచం బాగుచేసే మనిషని పెళ్లాం చెబుతుంది, మొగుడు నమ్ముతాడు, టోపీ తీసి వంగి సాగనంపుతాడు. గాస్పార్ టోపీ తీశాడు. వంగాడు. లూసియాన్ రెండో చెప్పు కూడా అక్కడే విడిచి ఒట్టి కాళ్లతో వెళ్లిపోయాడు.

"ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు నువ్వు," అన్నాడు బ్యురెల్.

సాయంత్రం గాస్పార్ ఆ చెప్పులు తొడుక్కుని సూపు ముందు కూర్చున్నాడు. మార్సెలిన్ చెప్పులు చూసింది. గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

అతను రోజూ తిని లేచిపోయేవాడు. ఇవాళ చెంచా పక్కన పెట్టాడు.

"కూర్చో. ఇవాళ షెడ్డులో ఏమైందో చెబుతాను."

ఆమె కుర్చీ లాక్కుంది.