ఆఠీను పది, తొమ్మిది

కాలరు ముందు, ఆ తరువాత భుజాలు, చేతులు, చివరికి వీపు. చొక్కా ఇస్త్రీ చేయడంలో కన్నారావు వరుస ఎన్నడూ మారలేదు. మారేడ్‌పల్లి లాండ్రీ వెనక గదిలో ఆవిరి పెట్టె బుసకొడుతుంటే, లేత నీలం చొక్కా ఒకటి అతని చేతికింద కాగితంలా చదునవుతోంది. సన్నటి మనిషి. కుడి ముంజేతి మీద కాలిన పాత మచ్చల పక్కనే కొత్త మచ్చలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక చొక్కాలు పెరిగాయి, మచ్చలూ పెరిగాయి.

కిటికీ దగ్గర పుష్పమ్మ ఒక ప్యాంటు మోకాలికి రఫూ చేస్తోంది. పోగు పక్కన పోగు పేర్చి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా చేయగలదు. ఏళ్ల కిందట, భర్త చనిపోయిన ఏడాదే ఈ పనిలో చేరింది. అందరినీ అన్నా అని పిలిచే ఆమె, కన్నారావును మాత్రం మొదటినుంచీ పేరుతోనే పిలిచేది. ఎందుకని అతను ఆలోచించాడు గానీ అడగలేదు.

ఈరోజు ఆమెకు ఆఖరి రోజు. సిద్దిపేటలో ఒంటరిగా ఉండే అక్క కాలు విరిగి మంచాన పడింది. బోయిన్‌పల్లిలో తన గది ఖాళీ చేసి, అక్క దగ్గరే ఉండిపోవడానికి సామాను ముందే పంపేసింది పుష్పమ్మ. సంగతి విన్న రోజు కన్నారావు "అలాగా" అన్నాడు. మళ్లీ ఇస్త్రీ అందుకున్నాడు.

అతని తీరే అంత. తుని నుంచి వచ్చిన కొత్తలో, మోండా మార్కెట్ దగ్గర ఇస్త్రీ కొట్టు పెడదాం, పొత్తుకు రా అని ఒకతను పిలిచాడు. చూద్దామని ఇతను అంటూండగానే అతను మరొకరితో పెట్టేసుకున్నాడు. తల్లి బతికుండగా ఒక సంబంధం తెచ్చింది. ఇతను ఊరికి ఉత్తరం రాసేలోపు ఆ పిల్లకు వేరే చోట తాంబూలాలు మార్చుకున్నారు.

మధ్యాహ్నం యజమాని బాబూరావు భోజనానికి ఇంటికి వెళ్లగానే బాబ్జీ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసుకు తీసుకెళ్లే వ్యాను నడుపుతాడు. వాళ్ల దగ్గరే పోకర్ నేర్చుకొచ్చి వీళ్లిద్దరికీ నేర్పాడు. మనిషికి రెండేసి ముక్కలు. మధ్యలో అందరికీ కలిపి మూడు పరుస్తారు, తరువాత ఒకటి, ఆపైన మరొకటి. అన్నిట్లోంచి మంచి ఐదు ముక్కలు కుదిరినవాళ్లదే గెలుపు. పందెం ఊడిపోయిన చొక్కా గుండీలు. పంచగానే, మూడు పరిచాక వేసే మొదటి రెండు విడతలకూ ఒక్కొక్క గుండీ, చివరి రెండింటికీ రెండేసి. ఎంత ఉబలాటమున్నా ఒకసారికి అంతకు మించి పెంచకూడదు. అదే లిమిట్.

"ఆఖరాట. ఇయ్యాల సుత ముక్కలు పారేస్తివనుకో, చూడు మరి" అంది పుష్పమ్మ.

కన్నారావు ముక్కలు ఎత్తి చూశాడు. ఆఠీను పది, ఆఠీను తొమ్మిది. బాబ్జీ మధ్యలో మూడు పరిచాడు. ఆఠీను జాకీ, ఆఠీను ఎనిమిది, కళావరు రెండు.

చేతిలో ఒక జత కూడా లేదు. కానీ ఇంకొక్క ఆఠీను పడితే ఐదూ ఒకే రంగు. ఏ రాణి పడినా, ఏ ఏడు పడినా వరుస. అలాంటి ముక్కలు పడ్డప్పుడు కూర్చుని ఎదురుచూడకూడదని, మనమే పెంచాలని బాబ్జీ ఎన్నిసార్లో చెప్పాడు. విన్న ప్రతిసారీ కన్నారావు తలూపి, తరువాత ముక్కలు కింద పడేసి ఆట వదిలేసేవాడు.

పుష్పమ్మ ఒక గుండీ వేసింది. కన్నారావు రెండు వేశాడు.

బాబ్జీ అతని మొహంలోకి చూసి తన ముక్కలు పడేశాడు. "బాబాయ్ పెంచేడంటే ఏదో ఉందండోయ్!"

పుష్పమ్మ ఇంకొకటి పెంచింది. కన్నారావు మళ్లీ పెంచాడు. ఆమె కళ్లజోడు మీదుగా అతన్ని చూసి, సరిపడా గుండీ వేసింది.

ఇస్పేటు రాజు పడింది. పనికిరాదు. అయినా కన్నారావు రెండు గుండీలు ముందుకు తోశాడు. ఆమె కూడా రెండు వేసింది. చివరిది డైమన్ మూడు. అదీ పనికిరాదు. ఇద్దరూ ఇక వేయలేదు.

పుష్పమ్మకు జాకీల జత ఉంది. కన్నారావు తన ముక్కలు తిప్పాడు.

"ఏం లేకుండనే గింత పెంచినవా?"

"వస్తాయేమోనండి" అన్నాడు కన్నారావు. అతనికి నవ్వు వచ్చింది. అంత ధైర్యంగా ఓడిపోవడం అతనికదే మొదటిసారి.

"రైటే ఆడేవు బాబాయ్. ముక్క రాలేదు, అంతే" అంటూ బాబ్జీ లేచాడు. పుష్పమ్మను జూబ్లీ బస్టాండులో దింపుతానన్నాడు. వ్యాను తిప్పుకురావడానికి వెళ్లాడు.

పుష్పమ్మ సంచీ సర్దుకుంటోంది. కన్నారావు ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"పుష్పమ్మగారూ, మీరెళ్లిపోతే నాకు బాగోదండి."

ఆమె చేయి ఆగింది.

"మీ అక్కగారిని కూడా ఇక్కడికే తెచ్చుకోండి. నా గది చిన్నదే. పెద్దది చూద్దాం. మీకిష్టమైతే పెళ్లి చేసుకుందాం. ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, ఏమీ అనుకోను."

బయట వ్యాను హారన్ మోగింది.

"ఇన్నేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్ కన్నారావూ?" ఆమె సంచీ పక్కన పెట్టింది. "మా అక్క ఆ ఇల్లు ఇడిసి రాదు. ఆమెను ఇడిసి నేను రాలేను. ఇష్టం లేదని మాత్రం అనుకోకు."

"అలాగేనండి."

"అడిగినవ్, గంతే చాలు నాకు." కొంగుతో కళ్లు ఒత్తుకుని సంచీ అందుకుంది. వ్యాను దాకా వెళ్లి, ఆమె ఎక్కాక అతను తలుపు వేశాడు. మలుపు తిరిగే దాకా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

బాబూరావు వచ్చేసరికి కన్నారావు మరో చొక్కా పరిచాడు. కాలరు ముందు. దిగులు ఉంది గానీ, మోండా మార్కెట్ కొట్టు తలుచుకున్నప్పుడు కలిగేలాంటిది కాదు. అడిగాడు. జవాబు విన్నాడు. భుజాలు, చేతులు, వీపు. చొక్కా మడిచి పెడుతూ కిటికీ వైపు చూశాడు. ఆమె కూర్చునే చోట, రకరకాల చొక్కా ముక్కలు అతికించి కుట్టుకున్న చిన్న మెత్త ఉండిపోయింది. మధ్యలో పల్లం ఇంకా పైకి లేవలేదు.