వసపిట్ట కబుర్లు

పింగాణీ కప్పుల మీద బొమ్మలు వేసే కార్ఖానాలో నాకు విడిగా గది ఇచ్చారని మా అమ్మ వీధంతా టముకు వేసింది. నా కాళ్లూ నేల మీద నిలవలేదు. పంతొమ్మిదేళ్లకే సొంత గది, దానికో తలుపు, పెద్ద కిటికీ! "ఆ వసపిట్ట పక్కన కూర్చుంటే నీ పని పాడవుతుందమ్మా," అన్నారు మేస్త్రి. నెల తిరిగేలోగా కొత్త సెట్టుకు బొమ్మ ఇవ్వాలి. నచ్చితే గది నాదే, లేకపోతే మళ్లీ హాల్లోకి.

వసపిట్ట అంటే హాల్లో నా పక్క స్టూలు మీద కూర్చునే పిల్ల. కప్పు అంచుకు నీలం గీత వేయడం తన పని. చెయ్యి వంకర పోయేది కాదు, నోరు ఊరుకునేది కాదు. వాళ్ల పిల్లి పాలగిన్నెలో తల ఇరికించుకున్న సంగతి, గాలికి గొడుగు తిరగబడి వాళ్ల మామయ్య ఇంటర్వ్యూకు తడిసి ముద్దయి వెళ్లిన సంగతి, ఒకటా రెండా! నేను కడుపుబ్బ నవ్వుతూనే కుంచె కదిపేదాన్ని. బొమ్మ దానంతటదే వచ్చేసేది.

కొత్త గదిలో మూడు వారాలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. గులాబీ వేస్తే క్యాబేజీ వచ్చింది. నాకు ఆ నవ్వు కావాలి, ఆ పిల్ల కావాలి. సిగ్గు విడిచి శనివారం భోజనాల వేళ హాల్లోకి వెళ్లాను. వసపిట్ట తలెత్తలేదు.

"కాసేపు నా గదికొచ్చి ఏదైనా చెప్పవే. నువ్వు లేకపోతే ఒక్క గీతా పడటం లేదు," అన్నాను.

"మూడు వారాలకు గుర్తొచ్చానా? ఆ పిల్లి మాది, ఆ గొడుగూ మాదే. బొమ్మలు మాత్రం నీవి. నాకూ వేయాలనుందేమోనని ఒక్కసారైనా అడిగావా?"

నిజమే, ఏనాడూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఒక తెల్ల కప్పు, నా సన్న కుంచె తెచ్చి తన చేతిలో పెట్టాను.

"నువ్వు వెయ్యి. ఈసారి కబుర్లు నేను చెప్తాను."

తను నన్ను అనుమానంగా చూసి, కుంచెను రంగులో ముంచింది. "సరే, నవ్వించు చూద్దాం."

నోరు తెరిచాను. మా ఇంటి సంగతులన్నీ మనసులో వెతికాను. మూడేళ్లు భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం గానీ, ఏం చెబితే ఈ పిల్ల నవ్వుతుందో నాకు తెలియదు. తను మాత్రం కుంచె ఎత్తి పట్టుకుని, నా నోటి వంకే ఆశగా చూస్తోంది.