చేతుల వాసన

ఆ ఉదయం ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. రాత్రంతా వీచిన పడమటి గాలి గాల్లో ఉన్న తడినంతా ఊడ్చుకుపోయింది. అఖాతానికి అవతల ఫుజి కొండ, మంచు మడతలతో సహా, చెయ్యి చాస్తే తగిలేటంత దగ్గరగా నిలబడి ఉంది. కొత్తవాళ్లు ఇలాంటి ఆకాశం చూసి అబ్బ అంటారు. యైజు రేవులో పుట్టిన ఆడవాళ్లు తమ చేతులు చూసుకుంటారు. ఇలాంటి ఆకాశం వచ్చిన రోజున చేతులు పగులుతాయి.

సుమియే దండెం మీద భర్త చొక్కా ఆరవేస్తుంటే చూపుడు వేలి మీది పగులు నోరు తెరిచింది. తెల్ల చొక్కా భుజం మీద ఎర్ర చుక్క పడింది. ఎవరూ చూడకముందే మళ్లీ నీళ్లలో ముంచింది.

"ఉతికిందే ఉతుకుతున్నావేంటమ్మాయ్?" లోపలినుంచి అత్తగారు తోమె అంది. "చేతులు పగిలాయని ముఖం అలా పెట్టకు. చేపల కొట్టంలో మంచునీళ్లలో నానీ నానీ నా చేతులు ఇలా కొయ్యబారాయి. ఒక్కనాడైనా ఏదైనా రాసుకున్నానా? మీ మామగారు ఒప్పుకునేవారా?"

భర్త కునిహిసా గుమ్మంలోకి వచ్చాడు. "ఇదిగో, చేతులు."

సుమియే రెండు చేతులూ తుడుచుకుని చాపింది. అతను వంగి వాసన చూశాడు. ముందు అరచేతులు, తర్వాత మీది వైపు, తర్వాత వేళ్ల సందులు. రేవులో బేరగాడు చేప మొప్ప ఎత్తి చూసే పద్ధతే అది. "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయాడు. ప్రతి శనివారం ఇంతే. పక్కింటి మేడ మీద దుప్పటి దులుపుతున్న ఆవిడ తల తిప్పుకుంది. ఆవిడకి కూడా అలవాటైపోయింది.

కునిహిసా రిమోట్ కార్ల పందేలు ఆడతాడు. వారమంతా అచ్చులు పోసే ఫ్యాక్టరీలో పని, ఆదివారం పాత తేయాకు గిడ్డంగిలో పరిచిన తివాచీ మీద పందెం. బండి రెండు జానలు ఉంటుంది. దాని ప్రాణం వెనక చక్రాల మధ్య ఉండే డిఫ్‌లో ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి, రెంటికీ మోటారు ఒకటే. ఆ తేడాని సర్దేది డిఫ్. నిమ్మకాయంత కూడా ఉండదు. ఒక పళ్ల చక్రం, దాని చిల్లుల్లో ఆవగింజల్లాంటి ఉక్కు గుండ్లు, వాటిని అటూ ఇటూ నొక్కిపట్టే రెండు బిళ్లలు, అన్నింటినీ కలిపి బిగించే ఒక స్క్రూ. బిళ్లల్ని గరుకు కాగితం మీద నున్నగా అరగదీసి, స్పిరిట్‌తో కడిగి, గుండ్లకి సూదిమొనంత సిలికాన్ గ్రీజు తాకించాలి. ఆ గ్రీజు తప్ప మరే జిడ్డూ తగలకూడదు. తర్వాత ఒక పక్క పట్టుకుని రెండో పక్క తిప్పుతూ, స్క్రూ కాస్త కాస్తగా బిగిస్తూ, గుండ్లు అణిగేదాకా కూర్చోవాలి. ఎక్కువ బిగిస్తే గరగరలాడుతుంది. తక్కువైతే బండి ఉరికేటప్పుడు జారి కీచుమంటుంది. సరైన చోటు ఏదో చెప్పే కొలత లేదు, వేలికి తెలియాలి. కడుగుతున్న బియ్యంలో చెయ్యి తిరిగినట్టుండాలి, అంది సుమియే ఒకసారి. మరుసటి ఆదివారం గిడ్డంగిలో కునిహిసా అదే మాట నలుగురికీ చెప్పాడు. అప్పటినుంచి అది కునిహిసా మాట అయింది.

పెళ్లైన కొత్తలో చాప మీద ఒక గుండు జారిపడితే అతను వెతకలేక తిట్టుకుంటున్నాడు. సుమియే వేలు తడి చేసుకుని, చాప అల్లికలోంచి దాన్ని అంటించి తీసింది. "నీ వేళ్లు సన్నంగా ఉన్నాయి, ఈ గుండ్లు నువ్వే పెట్టు" అన్నాడు. తర్వాత బిళ్లలు కూడా అరగదీయమన్నాడు, తర్వాత గ్రీజు, ఆ తర్వాత స్క్రూ. మొత్తం తన చేతికి ఎప్పుడు వచ్చిందో సుమియేకి గుర్తులేదు. ఇంట్లో పనులన్నీ అలాగే వచ్చాయి, ఏదీ ఎవరూ అప్పగించినట్టు ఉండదు. కానీ ఈ పని ఆమెకి ఇష్టం. ఎవరికీ చెప్పలేదు గానీ నిజంగా ఇష్టం. ఆ ట్రే ముందు కూర్చున్నంతసేపు అత్తగారు పిలవదు, భర్త టీ అడగడు. గుండ్లు ఒక్కొక్కటీ తమ గుంటల్లో కూర్చునే క్షణం వేలి కొసకి తెలుస్తుంది. ఈ ఇంట్లో ఎదురు చెప్పకుండా తన మాట వినేవి అవే. గ్లవ్స్ వేసుకుంటానని అడిగితే మాత్రం, "గ్లవ్స్ వేసుకుంటే ఇంక నీ చెయ్యెందుకు, నా చెయ్యే చాలదూ?" అని నవ్వాడు. తనని అతను మెచ్చుకున్నది ఆ ఒక్కసారేనని చాలా రోజులకి తట్టింది.

పోయిన చలికాలం, తను పనిచేసే చేపల ఫ్యాక్టరీలో పక్కన కూర్చునే మసాయో, "ఇవేం చేతులక్కా, చేప పొలుసులు నయం" అని యుజు నిమ్మ వాసనొచ్చే క్రీము గొట్టం ఒకటి చేతిలో పెట్టింది. సుమియే రెండు రోజులు రాసుకుంది. ఆదివారం డిఫ్ జారింది. ముందున్న బండి వెనకబడింది. కునిహిసా అక్కడే డిఫ్ విప్పి, బిళ్ల ముక్కు దగ్గర పెట్టుకుని, "యుజు" అన్నాడు. గిడ్డంగి గిడ్డంగంతా నవ్వింది. "మీ ఆవిడ అందం కోసం మీరు పందెం వదులుకున్నారన్నమాట!" అన్నాడొకడు. ఇంటికొచ్చాక, "చేతులు ఇలా పెట్టు" అన్నాడు. ఆ రోజునుంచి మొదలు.

ఈ శీతాకాలం చేప ముల్లు చూపుడు వేలిలో దిగింది. గోరుచుట్టు లేచి, కోసి చీము తీయించుకోవలసి వచ్చింది. డాక్టరమ్మ చిన్నది, మెత్తగా మాట్లాడింది. "తడి తగలనివ్వకండి. పూటపూటా ఈ మందు రాయండి. అశ్రద్ధ చేస్తే వేలి కొసకి స్పర్శ పోతుంది" అంది. ఫ్యాక్టరీ మేస్త్రీ ఆ మాట వినగానే తడి పని మాన్పించి పెట్టెలు కట్టే వైపు వేశాడు. ఇంట్లో మందు గొట్టం చూసి కునిహిసా మూత తీసి వాసన చూశాడు. "వాసన లేదు గానీ జిడ్డు జిడ్డే. పందెం అయ్యాక రాసుకో" అన్నాడు. పందెం ప్రతి ఆదివారం ఉంటుంది. అది అతనికీ తెలుసు. ఆదివారం సాయంత్రం రాసుకుంటే గురువారం నుంచి మళ్లీ మానెయ్యాలి, చేతులకి జిడ్డు వదలాలి గదా.

మధ్యాహ్నం గిడ్డంగి స్నేహితులు ఇద్దరు వచ్చారు. సుమియే టీ తెచ్చింది. కునిహిసా డిఫ్ ఒకటి చేతిలో తిప్పుతూ చెబుతున్నాడు. "మలుపులో లోపలి చక్రం తగ్గాలి, బయటిది ఉరకాలి. రెండూ సమానంగా తిరుగుతాం అంటే బండి బోల్తాయే."

"మీ చేతి డిఫ్ ఒకటి మాకూ చేసి పెట్టండి గురూగారూ" అన్నాడు ఒకతను.

"ఒకటేంటి? వసంతం నుంచి ఎవరడిగినా చేసిస్తానని గిడ్డంగిలో చెప్పేశాను. నా పేరు చెక్కించి ఇస్తా. వారానికి అయిదారు తేలిగ్గా అవుతాయి."

"అబ్బో. ఇంట్లో ఆవిడ ఊరుకుంటారా?"

"ఆవిడకేం? దీనికీ బటాణీ గింజకీ తేడా తెలీదు."

ముగ్గురూ నవ్వారు. తోమె కూడా నవ్వింది. సుమియే అలవాటుగా నవ్వబోయి, ట్రే ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

వాళ్లు వెళ్లాక రేపటి డిఫ్ ముందు కూర్చుంది. గుండ్లు పెట్టింది, బిగించింది. ఒక పక్క పట్టుకుని చూపుడు వేలితో తిప్పింది. ఏమీ తెలియలేదు. మళ్లీ తిప్పింది. వేలు కదులుతోంది, చక్రం తిరుగుతోంది, మధ్యలో ఏముందో చెప్పేవాళ్లు లేరు. గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది. ఉంగరం వేలితో తిప్పితే గరగర తెలిసింది. మళ్లీ చూపుడు వేలు పెట్టింది. అక్కడ ఏమీ లేదు. ఎక్కడినుంచి మొద్దుబారిందో చూడాలని సూది తీసుకుని వేలి కొసన గుచ్చింది. ఒక రక్తపు చుక్క వచ్చింది గానీ నొప్పి రాలేదు. సుమియే చాలాసేపు ఆ చుక్కని చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తనదనుకున్నది ఈ స్పర్శ ఒక్కటే. అది కూడా వేలి కొసనుంచి నడిచి వెళ్లిపోయింది. రేపు ఉంగరం వేలు పోతుంది, ఎల్లుండి ఎడమ చెయ్యి. పేరు చెక్కిన డిఫ్‌లు మాత్రం వారానికి అయిదారు అవుతూనే ఉంటాయి. ఏ వేలూ మిగలనినాడు "పోనీలే, ఇంక ఏదైనా రాసుకో" అంటాడు. ఆమెకి కోపం కూడా రాలేదు. కోపం కంటే చల్లగా ఉన్నదేదో మెల్లగా కూర్చుంది, గుండు గుంటలో కూర్చున్నట్టు.

స్క్రూ విప్పింది. గుండ్లని గిన్నెలో పోసి, బిళ్లల్ని, చక్రాన్ని పక్కన సర్ది, ట్రే తెచ్చి భోజనాల బల్ల మీద కునిహిసా ముందు పెట్టింది. అన్నం, మిసో చారు, కాల్చిన చేప, ముల్లంగి ఊరగాయ తెచ్చి చుట్టూ పెట్టింది. బియ్యం డబ్బాలో దాచిన యుజు గొట్టం, సొరుగులోని మందు గొట్టం తీసుకుని వచ్చి కూర్చుంది.

ముందు చూపుడు వేలికి మందు రాసింది. తర్వాత యుజు క్రీము రెండు చేతులకీ, వేలు వేలుకీ, గోరు గోరుకీ, సందుల్లోకి, మణికట్టు దాకా పట్టించింది. తొందరపడలేదు. చలికి కాళ్లు వెచ్చగా ఉండాలని దుప్పటి కప్పిన ఆ బల్ల చుట్టూ నిమ్మ వాసన నిండింది.

"ఏంటది?" అన్నాడు కునిహిసా.

"క్రీము."

"రేపు పందెం."

"తెలుసండీ. గుండ్లు గిన్నెలో ఉన్నాయి."

అతను ట్రే వంక చూశాడు, గుండ్ల వంక చూశాడు, తన లావు వేళ్ల వంక చూసుకున్నాడు. తల్లి వంక తిరిగాడు. తోమె ఆ గొట్టాన్నే చూస్తోంది. కొయ్యబారిన తన రెండు చేతుల్నీ బల్ల కింద దుప్పట్లోకి తీసుకుంది.

సుమియే మూడు గిన్నెల్లో అన్నం వడ్డించి ఎవరిది వాళ్లకి అందించింది. కునిహిసా గిన్నె ఎత్తి, నోటి దగ్గర పెట్టుకుని, ఆగాడు. గిన్నె అంచుకి యుజు వాసన అంటుకుని ఉంది. కాసేపటికి తినడం మొదలుపెట్టాడు. తోమె కూడా చేతులు బయటికి తీసింది. ముగ్గురూ తిన్నారు.