తగిలిందా, లేదా

విన్నీ బౌమాకీ ఆర్లీన్ హోక్‌స్ట్రాకీ మాటలు లేక ఏడాదిన్నర దాటింది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లుగా పక్కపక్క ఇళ్లు. వీళ్ల పిల్లలు వాళ్లింట్లో, వాళ్ల పిల్లలు వీళ్లింట్లో తిని పెరిగారు. అలాంటిది, చెత్తడబ్బా రోడ్డు మీదికి లాక్కెళ్లాలన్నా అవతలావిడ బయట లేదని కిటికీలోంచి చూసుకుని మరీ గడప దాటే పరిస్థితి వచ్చింది.

కారణం అడిగితే చెప్పడానికి వాళ్లకే సిగ్గు. చిల్లుల ప్లాస్టిక్ బంతి ఒకటి నెట్టుకు తగిలిందా, తగల్లేదా అన్నదే గొడవ.

చిన్న కోర్టులో చెక్కబ్యాట్లతో ఆ చిల్లుల బంతిని కొట్టే ఆట పికిల్‌బాల్. అప్పట్లో అందులో కూడా టెన్నిస్ పద్ధతే. సర్వీసు చేసిన బంతి నెట్టును రాసుకుంటూ వెళ్లి సరైన గడిలోనే పడితే ‘లెట్’ అని ఆట ఆపి, మళ్లీ సర్వీసు చేయించేవారు. పార్కు ఆటలకు అంపైర్లెవరు? ఆడేవాళ్లే చెప్పాలి. ఆ ఏడు పార్కు పోటీ ఫైనల్లో ఇద్దరూ చెరోవైపు పడ్డారు. ఇంకొక్క పాయింటు వస్తే విన్నీ గెలుస్తుంది. ఆమె చేసిన సర్వీసు మూలకు వెళ్లి పడింది. ఆర్లీన్ బ్యాటుకు అందలేదు.

“లెట్! నెట్టుకు తగిలింది” అంది ఆర్లీన్. ఆమెకు ‘టిక్’మని స్పష్టంగా వినబడింది. విన్నీకి వినబడలేదు. ఆ ఉక్రోషంలో మళ్లీ చేసిన సర్వీసు గీత దాటిపోయింది. అక్కడి నుంచి ఆట చెయ్యిజారింది.

“నీకు అందలేదు కాబట్టి తగిలిందన్నావు” అంది విన్నీ అందరి ముందూ.

“నీ చెవులకు మిషను పెట్టించుకోవే” అంది ఆర్లీన్.

అంతే. తర్వాత మంచు పడింది. మంచు కరిగేసరికి కరోనా వచ్చింది. ఎవరి ఇళ్లలో వాళ్లు తలుపులేసుకున్నారు, పంతాలు కూడా లోపలే ఉండిపోయాయి.

మళ్లీ కోర్టులు తెరిచింది ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌లో, ఒక శనివారం పొద్దున. సరస్సు మీంచి చలిగాలి కొడుతోంది. అందరూ స్వెట్టర్లలో వచ్చారు. ఆటల ఏర్పాట్లు చూసే బర్ట్ కైపర్ బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టాడు.

“వినండర్రా! కొత్త రూలొచ్చింది. ఈ ఏడాది నుంచి మన ఆటలో లెట్ లేదు. సర్వీసు నెట్టుకు తగలనీ, తగలకపోనీ, పడాల్సిన గడిలో పడిందా, ఆడాల్సిందే. ఆపడాల్లేవు, మళ్లీ చెయ్యడాల్లేవు.”

“ఎందుకుట?” అంది వెనకనుంచి ఎవరో.

“తగిలిందో లేదో తేల్చలేక జనం కొట్టుకు చస్తున్నారట, దేశమంతా.”

“దేశం దాకా ఎందుకు, మన ఊరు చాలదూ?” అన్నాడు లెరాయ్. అతనూ భార్య సుజెట్టూ ఎప్పుడూ జంటగా ఆడతారు. జనం గొల్లుమన్నారు. మరుక్షణం తాము ఎవరి గురించి నవ్వుతున్నారో గుర్తొచ్చి గొంతులు సవరించుకున్నారు.

ఆర్లీన్‌కు ముందు ఒళ్లు మండింది. తను విన్నది నిజమని ఇన్నాళ్లూ నమ్ముకుని కూర్చుంటే, అది నిజమైనా ఒకటే, కాకపోయినా ఒకటే అంటాడేమిటి ఈ బర్ట్? కాసేపటికి ఆ మాటే మళ్లీ తలుచుకుంటే కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఒకటే మరి! ఓరగా చూసింది. కోర్టు అవతల విన్నీ తల వంచుకుని బూటు లేసులు కడుతోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుపో నవ్వో తెలియలేదు.

అక్కడ వచ్చినవాళ్లు బ్యాట్లు వరుసగా పెడతారు, ఎవరి బ్యాటు ముందుంటే వాళ్లకు ముందు ఆట. ఇద్దరిద్దరు జట్టుగా ఆడేందుకు నాలుగేసి బ్యాట్లు తీసుకుంటూ పోతారు. లెరాయ్‌ది, సుజెట్‌ది, ఆర్లీన్‌ది తీశాక బర్ట్ చెయ్యి నాలుగో బ్యాటు మీద ఒక్క క్షణం ఆగింది. అది విన్నీది.

మొగుడూ పెళ్లాలు ఒక వైపుకు వెళ్లిపోయారు. ఇవతల మిగిలింది వీళ్లిద్దరే.

“మీరు ఎడమవైపు ఉంటారా?” అంది విన్నీ నేలచూపులు చూస్తూ.

“మీ ఇష్టమండీ. మీకెటు వీలైతే అటు.”

“అబ్బో!” అన్నాడు లెరాయ్ అవతలినుంచి. “మన చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చినప్పుడు కూడా ఇంత మర్యాద జరగలేదు!”

రెండు మూడు పాయింట్లు బిగుసుకుపోయి ఆడారు. మళ్లీ విన్నీ సర్వీసు. ‘టిక్’. ఈసారి నలుగురికీ వినబడింది. నెట్టును తాకి వేగం చచ్చిన బంతి, పడాల్సిన గడిలోనే, గీతకు జానెడు లోపలగా పడింది. అలవాటు కొద్దీ సుజెట్ చెయ్యెత్తి “లెట్!” అంది. లెరాయ్ నిలబడిపోయాడు. విన్నీ కూడా బంతి ఇమ్మని చెయ్యి చాపింది.

“లెట్ లేదు!” అని ఆర్లీన్ కోర్టు దద్దరిల్లేలా అరిచింది. “లెట్ లేదే విన్నీ! పాయింటు మనదేనే!”

విన్నీ వెనక్కి తిరిగింది. ముఖం ఎర్రబడింది.

“ఇది తగిలింది” అంది.

“తగిలింది.”

“ఆ రోజుది తగల్లేదు.”

“తగిలింది.”

“తగల్లేదే!”

“తగిలిందే మొండిదానా! అయినా ఇప్పుడు ఎవడిక్కావాలే?”

విన్నీ మోకాళ్లు పట్టుకుని నవ్వీ నవ్వీ గీత మీదే చతికిలబడింది. లేపుదామని వచ్చిన ఆర్లీన్ తనూ కూలబడింది. బర్ట్ పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

“ఏమమ్మా, ఆడతారా? లేక మమ్మల్ని ఇంటికెళ్లి భోంచేసి రమ్మంటారా?” అన్నాడు లెరాయ్.

ఆ గేమ్ చిత్తుగా ఓడిపోయారు. ఇద్దరికీ పట్టలేదు. మధ్యాహ్నం దాకా తమ బ్యాట్లు పక్కపక్కనే పెట్టుకుని, ఎవరు దొరికితే వాళ్లతో ఆడుతూనే ఉన్నారు.

ఆట అయ్యాక ఆర్లీన్ కారులో బీచి దగ్గర అప్పుడే తెరిచిన ఐస్‌క్రీం కొట్టుకు వెళ్లారు. బయట నిలబడితే గడగడ వణుకు. కారులోనే హీటరు వేసుకుని కోన్లు తిన్నారు.

“నీకు మనవరాలు పుట్టిందని మీ గుమ్మం దగ్గర గులాబీరంగు బెలూన్లు చూసి తెలుసుకున్నాను” అంది ఆర్లీన్. “లోపలికొచ్చి ఏడ్చాను కూడా.”

“వీధివైపు కట్టమన్నాడు మా ఆయన” అంది విన్నీ. “నీకు కనబడాలని నేనే మీ వంటింటి కిటికీ వైపు కట్టాను.”

ఆర్లీన్ కాగితం రుమాలుతో కళ్లు తుడుచుకుంది.

“ఉండు, దాన్ని చూపిస్తా. అచ్చం నా ముక్కే!” అంటూ విన్నీ ఫోను తీసి, మొదటి ఫొటో నుంచి మొదలుపెట్టింది. కరిగిన ఐస్‌క్రీం ఆర్లీన్ మోచేతి దాకా కారింది. చివరి ఫొటో అయ్యేదాకా ఆమె దాన్ని తుడుచుకోలేదు.