పొగ రాని గొట్టం

“అన్నంలో గూడా పొగ వాసన వస్తాండాది,” అన్నాడు జయరత్నం, కంచం కొంచెం ముందుకు నెట్టి. కోపంగా కాదు. నా భర్త మిషన్ బడిలో మాస్టరు, ఇంట్లో గొంతు పెంచే మనిషి కాదు. పిల్లల పలక మీద తప్పు చూపించినట్టు నాకు చూపించాడు, అంతే. పక్కన కూచున్న మా అత్త మణెమ్మ మాత్రం, “పదకొండేండ్లుగా పొయ్యి ముందర కూసోనుండాది, ఇంగా మంట పెట్టను తెలీదు దీనికి,” అంది. పచ్చికట్టెలు బండికెత్తించుకొని తెచ్చింది ఆయనే. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. మింగేసి మజ్జిగ పోశాను. మింగిన మాట కడుపులోకి పోయి ఊరుకోదు. పగలంతా లోపల అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అంట్లు తోముతుంటే, బట్టలు ఉతుకుతుంటే, మిషన్ గుడిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే కూడా తిరుగుతుంది.

అది నలభై మూడో సంవత్సరం. యుద్ధం వల్ల కిరసనాయిలు దొరకడం లేదు. పుంగనూరు పొలిమేరలో మా చిన్న మిషన్ ఆస్పత్రిలో ఆపరేషన్ కత్తులూ గుడ్డలూ ఉడకబెట్టే స్టవ్వులన్నీ ఆగిపోయాయి. దొరల బంగళాలో మూలపడి ఉన్న ఇనుప కట్టెల పొయ్యి తెచ్చి, ఆపరేషన్ గది వెనక వరండాలో పెట్టారు. దానికి ఇనుప తలుపు, తలుపు కింద గాలి పోవడానికి జరిపే రేకు, పైన పొగగొట్టం. మాస్టర్ల భార్యలు పొద్దున పూట వచ్చి సాయం చేయాలని డాక్టరమ్మ ఆదివారం గుడిలో అడిగింది. “సేవే గదా, పో. వంట చేసేసి పో,” అన్నాడు జయరత్నం.

ఆ పొయ్యిని చూసేది వెంకటస్వామి అనే బంట్రోతు. కట్టె ఎక్కువసేపు రావాలని పొయ్యి నోటినిండా మొద్దులు కూరి, గాలి రేకు బిగించేసేవాడు. కట్టె మండేది కాదు, లోపల మగ్గేది. గంటకే నీళ్లు చల్లబడేవి. గొట్టంలో తారులాంటి నల్లటి జిగురు పేరుకుని, ఒకరోజు ఉతికి ఆరేసిన ఆపరేషన్ గుడ్డల మీద పెళ్లలుగా రాలింది. డాక్టరమ్మ ఆ గుడ్డలన్నీ మళ్లీ ఉతకమంది. వెంకటస్వామి ఇక నావల్ల కాదని తప్పుకున్నాడు. సాయానికి వచ్చినవాళ్లలో ఆ పొయ్యి దగ్గర మిగిలింది నేను.

నాకూ తెలియదు. అందుకే కట్టెల మండీకి పోయాను. భర్త పోయాక ఆ మండీ నడుపుతున్నది మైమూన్ బీ. విషయం చెబితే నవ్వింది.

“పొగంటే ఏమనుకుంటాండావమ్మా? అది కాలని కట్టె. నీ కట్టె నీకు పనికిరాకుండా ఆకాశానికి పోతాండాది,” అంది. రెండు చీలికలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. ఖంగుమని మోగింది. ఇంకో రెండు కొట్టింది. దబ్బుమంది. “మోగినది ఎండింది. మోగనిది యింగా నీళ్లు తాగుండాది. తుమ్మ తీసుకో, నీ మణికట్టంత లావుకు చీల్చు. మొద్దులు కూరద్దు. గాలి ఆపి కట్టె మిగిలించుకుందామనుకుంటే, యాడన్నా జరుగుతాదా? ముందు బాగా మండనీ, ఆమైన తగ్గించు.”

నెలన్నర పట్టింది నాకు. మొదట సన్నపుల్లలతో పెద్ద మంట వేసి గొట్టాన్ని వేడెక్కించాలి. గొట్టం వేడెక్కితే టిక్ టిక్ మని చిన్న శబ్దం వస్తుంది. అప్పుడు మూడు తుమ్మ చీలికలు, మధ్యలో సందు ఉంచి పెట్టాలి. గాలి పూర్తిగా వదలాలి. మంట నిలదొక్కుకున్నాక రేకు సగానికి జరపాలి, అంతకన్నా కాదు. నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడే తరువాతి చీలికలు వేయాలి. ప్రతి సారీ బయటికి పోయి గొట్టం చూసేదాన్ని. నల్లగా వస్తే తప్పు, తెల్లగా వచ్చినా తప్పే. ఏమీ కనిపించకుండా గొట్టం మీద గాలి మాత్రం వణకాలి. మొదటిసారి అలా వణికిన రోజు నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని భయం వేసింది. ఇంటికి పోయినా చెవిలో గొట్టం టిక్ టిక్ శబ్దమే. ఏమిటీ గాబరా, ఒక పొయ్యి కోసం, అని నన్ను నేనే కసురుకున్నాను. పొద్దున్నే లేచి మళ్లీ పరుగు.

మార్చిలో పెద్దపంజాణి నుంచి కాన్పు కష్టమైన ఇద్దరు ఆడవాళ్లను ఒకే రోజు బండ్లలో తెచ్చారు. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆపరేషన్ గది తలుపులు మూతపడలేదు, నా నీళ్లు మరగడం ఆగలేదు. ఒక్క మసి రేణువు రాలలేదు. ఇద్దరూ బతికారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, తడి చేతులతోనే నా భుజం పట్టుకుని, “పరంజ్యోతీ, కుప్పం డిస్పెన్సరీలోనూ ఇట్లాంటి పొయ్యే పెట్టినారు. అక్కడ నర్సు ఫ్లోరా అవస్థ పడుతోంది. నువ్వు పోయి ఒక నెల ఉండి నేర్పిస్తావా?” అంది.

మరునాడు జయరత్నం శుభ్రమైన కోటు వేసుకుని ఆస్పత్రికి వచ్చాడు. “ఆడమనిషి ఒక్కతే అంత దూరం పోవడం కష్టం డాక్టరమ్మా. మా అమ్మకు ఆరోగ్యం బాగలేదు. నాకు ఎండాకాలం సెలవులు వస్తాండాయి. పొయ్యి సంగతి ఇంట్లో రోజూ మాట్లాడుకునేదే, నాకంతా తెలుసు. నేనే పోయి సూపిస్తాను,” అన్నాడు. మేము రోజూ మాట్లాడుకోలేదు. ఆయన ఒక్కరోజు కూడా అడగలేదు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఎదురుగా కోటు వేసుకుని ఒక మనిషి అంత నమ్మకంగా చెబుతుంటే, నాకు తెలిసింది నిజంగా నాకు తెలుసా అనిపించింది ఆ క్షణాన.

సెలవులియ్యగానే ఆయనే కుప్పం పోయాడు. పన్నెండో రోజు ఉత్తరం వచ్చింది. మాస్టరుగారి గుండ్రటి అక్షరాలు. “ఇక్కడి పొయ్యి సరియైనది కాదు. కట్టెలు కూడా బాగుండలేదు. నీవు చేయు విధమంతయు వరుసగా వ్రాసి వెంటనే పంపుము. కవరు నా పేరుననే ఉండవలెను. ఈ సంగతి ఎవరితోనూ అనవద్దు.”

కాగితం తీసుకుని కూచున్నాను. కట్టెను కట్టెతో కొట్టి వినవలెను, అని రాశాను. గొట్టము ముందుగా వేడెక్కవలెను, అని రాశాను. నాకు రాయడం రాక కాదు. ఎనిమిదో తరగతి దాకా బోర్డింగులో చదివినదాన్నే. మూడో వాక్యం దగ్గర చేయి ఆగిపోయింది. లేచి నడిచాను. కూచున్నాను. మళ్లీ లేచాను.

“రాసేసి పోస్టు చెయ్యరాదా? యాల అట్లా గిరగిరా తిరుగుతాండావు?” అంది మా అత్త.

“రాయను అత్తా. పోతాను,” అన్నాను. ఆ మాట అన్నాకే అది నా నిర్ణయమని నాకు తెలిసింది.

“నాకెవరు వండి పెడతారు?”

“మీకు ఆరోగ్యం బాగుండాది గదా. నిన్న చెర్లోపల్లె దాకా నడిచి పోయొచ్చినారు.”

ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

పలమనేరు మీదుగా బొగ్గు గ్యాసు బస్సులో పోయాను. ఎత్తు ఎక్కలేక బస్సు మూడుసార్లు ఆగింది. కండక్టరు దిగి వెనక బొగ్గు తొట్టికి గాలి తిప్పుతుంటే, నేనూ దిగి కుప్పం దారి వైపు చూస్తూ నిలబడ్డాను. కుప్పం చేరేసరికి మధ్యాహ్నం. డిస్పెన్సరీ గొట్టం నుంచి పసుపుపచ్చటి పొగ వీధంతా కమ్మి ఉంది.

ఫ్లోరా గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక జయరత్నం, చొక్కా నిండా మసి. నన్ను చూసి తడబడి, “మా ఇంటామె. నాకు వంటకు ఇబ్బందిగా ఉండాదని వచ్చింది,” అన్నాడు ఆమెతో.

“లేదమ్మా,” అన్నాను నేను. “పొయ్యి నేర్పించను డాక్టరమ్మ పిలిచింది నన్నే. ఆలస్యంగా వచ్చినాను.”

ఫ్లోరా ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, దారి ఇచ్చింది. కొంగు దోపుకుని పొయ్యి తలుపు తెరిచాను. మగ్గిన మొద్దులు బయటికి లాగి గాలి రేకు పూర్తిగా జరిపాను. ఫ్లోరా ఎండిన కట్టెలు ఏరడానికి పెరట్లోకి వెళ్లింది. అప్పుడు జయరత్నం నా పక్కకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఒక ఉత్తరం రాసి పంపింటే సరిపోయేది గదా. ఇంత దూరం యాల వచ్చినావు?”

మసి పట్టిన చేతుల్ని చూసుకుంటూ చెప్పాను.

“రాసి పంపింటే, అది మీదై పోయింటాది.”