రేకుల చర్చి

సౌదీలోని యాన్బులో నర్సుగా పనిచేసే షాలినికి పెళ్లి కుదిరింది. "ఆ రేకుల చర్చిలో వద్దు నాన్నా. లైవ్‌లో మా వార్డు వాళ్లంతా చూస్తారు, పరువు పోద్ది. ఏసీ హాలు చూడండి," అని ఫోన్లో కసురుకుంది.

ఆ చర్చికి పాస్టరు ఆమె తండ్రి ప్రేమానందమే. "నీ పెళ్లని సంఘంలో ఆడోళ్లు నిన్ననే చర్చికి సున్నాలు కొట్టేశారమ్మా. సరేలే, వాళ్లకి ఏదోటి చెబుతాను."

చర్చిలే లేని ఆ దేశంలో, శుక్రవారం ఓ ఫ్లాట్‌లో షాలినితో కలిపి ఆరుగురు నర్సులు కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాటలు పాడుకున్నారు. తర్వాత ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెబుతున్నారు.

"ఒక్కసారి మా ఊరి రేకుల చర్చిలో గొంతెత్తి పాడాలనుందక్కా," అంటూ కొత్తగా వచ్చిన సుజిత కళ్లు తుడుచుకుంది.

తర్వాతి వంతు షాలినిది. మంచి హాలు దొరకాలని అడగడానికి వచ్చిన మనిషి, "నాదీ అదే మనవి," అంది.